మూగజీవుల యెడ బాలల బాధ్యత

(బళ్ళారిలో జరిగిన తెలుగు కుటుంబముల సమ్మేళనమున వర్తక సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను కాను. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు ముగించి తండ్రిగారి ధాన్యపు కొట్టులో కూర్చున్నవాడను. ఇరువది యైదేండ్లుగా తక్కెడ పట్టిన చేయి యిది. జంతువుల యందు దయ చూపుటను పిల్లలకు నేర్పు విషయమై మాట్లాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినపుడు ప్రక్కనున్న పెద్దలొకరు, "దయ నేర్పవలసిన దేమున్నదయ్యా, అది మన రక్తములోనే యున్నది. గోపూజ చేయువారము మనము, చీమలకొరకు బియ్యపుపిండితో ముగ్గు పెట్టువారము మనము" అన్నారు. వారియందు నాకు మిక్కిలి గౌరవమున్నది. కాని ఆ మాటతో నేను ఏకీభవింపజాలను. ఎందువలననో ముందుగా మనవి చేసెదను.

మన బజారులో ప్రతి శుక్రవారము అంగళ్ళ ముందర ఆవులు వచ్చి నిలుచును. ఇల్లాండ్రు వాని నొసట పసుపు కుంకుమ పెట్టి, తోక కన్నులకద్దుకొని, అరటిపండు పెట్టి వెళ్ళుదురు. చూడ ముచ్చటగనే యుండును. ఆ యిండ్లనుండియే సాయంకాలము మిగిలిన అన్నము, కూరగాయల తొక్కలు ప్లాస్టిక్కు సంచిలో ముడివేసి వీధి మూలకు విసరుదురు. ఆవునకు చేతులు లేవు. ముడి విప్పుట దానికి రాదు. సంచితో కూడ మ్రింగును. ఆవు కడుపునకు నాలుగు అరలున్నవి. మొదటిదైన పెద్దపొట్టలో చేరిన ప్లాస్టిక్కు అరుగదు, పేడతో వెలికి రాదు. ఏండ్ల తరబడి అక్కడనే పేరుకొని ముద్దకట్టును. పశువైద్యులు శస్త్రము చేసి ఒక్కొక్క ఆవు కడుపునుండి పదుల కిలోల ప్లాస్టిక్కు వెలికి తీసిన సందర్భములు దేశమంతట నున్నవి. పొట్ట చూచిన నిండుగా నుండును, వెన్నెముక చూచిన ఎండిపోయి యుండును. బొట్టు పెట్టిన చేయియే సంచి విసరుట చూచిన పిల్లవాడు ఏమి నేర్చును? మ్రొక్కుట ఒకటి, చూచుకొనుట వేరొకటి యని నేర్చును. రక్తములోనున్న దయ ఆ సంచి ముడి వద్ద ఆగిపోవుచున్నది.

ఇంకొకటి వినుడు. పుణ్యదినములందు పొంగలి, అన్నము గంపలకొలది ఆవులకు పెట్టుట మనలో కొందరికి అలవాటు. ఆవు పెద్దపొట్ట గడ్డిని అరిగించుటకు ఏర్పడినది. అందులో కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్లకొలది యుండి గడ్డిని పులియబెట్టి దానికి బలమిచ్చును. ఆ పొట్టలోనికి ఒక్కసారిగా అన్నము, పిండివంటలు, ధాన్యము మిక్కుటముగా చేరినచో ఆ పులుపు హద్దుమీరి ఆమ్లముగా మారును. ఆవు మేత మాని, నెమరు మాని, కూలబడును. సమయమునకు వైద్యుడు రానిచో చనిపోవును కూడ. పుణ్యము పేర చంపుట యన్న మాట వినుటకు కష్టముగా నుండును, కాని పశువైద్యునడిగిన ఆయన ఇదే చెప్పును. పిడికెడు అన్నము పెట్టినచో దోషము లేదు. గంపెడు పెట్టదలచినచో పచ్చిగడ్డి పెట్టుడు, చొప్ప పెట్టుడు, అన్నిటికంటె ముందు నీరు పెట్టుడు. పాలిచ్చు ఆవు దినమునకు యాబది అరువది లీటర్ల నీరు త్రాగును, మన బళ్ళారి యెండలలో ఇంకను ఎక్కువ త్రాగును. వీధి వెంబడి తిరుగు ఆవునకు ఆ నీరు ఎవరు పోయుచున్నారు?

కావున దయకు తెలివి తోడు కావలెను, తెలివికి అలవాటు తోడు కావలెను. అలవాటు చిన్ననాడే రావలెను. నేను చెప్పదలచినదానికి మూలము ఇంతే.

ఇక జాతరలలోని రంగు కోడిపిల్లల సంగతి. పసుపు, గులాబి, ఆకుపచ్చ రంగులు పూసిన పిల్లలను అట్టపెట్టెలో పోసి పదికో ఇరువదికో అమ్ముదురు. పిల్లవాడు ఏడ్చును, తండ్రి కొనిచ్చును. అవి ఎక్కడివో మీలో ఎందరికి తెలియునో నేనెరుగను. గ్రుడ్లకొరకు పెంచు కోళ్ళ జాతులలో పుంజుపిల్ల గ్రుడ్డు పెట్టదు. మాంసపు జాతి వలె త్వరగా ఒళ్ళు చేయదు. కనుక పొదిగించువారికి అది అక్కరలేని సరుకు. వర్తకుడను గనుక చెప్పుచున్నాను, అక్కరలేని సరుకునకు రంగు పూసి వదిలించుకొనుట మా వృత్తిలో చాల పాత విద్య. పుట్టిన మొదటి వారములో కోడిపిల్లకు దాదాపు 35 డిగ్రీల వెచ్చదనము రేయింబవళ్ళు కావలెను. తల్లి రెక్కల క్రింద అది దొరకును, అట్టపెట్టెలో దొరకదు. పిల్లవాడు దానిని చొక్కా జేబులో పెట్టుకొనును, నీళ్ళతో రంగు కడుగును, రాత్రి చలికి గచ్చుపై వదలును. రెండవ నాడో మూడవ నాడో అది తల వాల్చును. పిల్లవాడు ఒక పూట ఏడ్చును. మరుసటి జాతరలో ఇంకొకటి కొనిత్తురు. రెండవసారి ఏడుపు తగ్గును. మూడవసారి ఏడ్వనే ఏడ్వడు.

ఆ మూడవసారి ఏడ్వకపోవుటయే నాకు భయము కలిగించుచున్నది. ఇరువది రూపాయలతో మనము వానికి కొనిచ్చిన పాఠమది. ప్రాణము పోయిన వేరొకటి వచ్చును, చింతలేదు అను పాఠము. అట్టి పిల్లవాడు రేపు ముసలి తల్లిదండ్రులను ఎట్లు చూచునో అని అడుగవలెననిపించును గాని, శుభమా యని కూడినచోట ఆ మాట ఎందుకు? మీరే ఆలోచింపుడు.

దీనికి మారుగా ఏమి చేయవలెనందురా? పిల్లవాని వయస్సుకు తగిన పని వాని చేతికీయవలెను. మూడు నాలుగేండ్ల పాపకు దూడను ఎట్లు తాకవలెనో చూపుడు. తోక లాగకూడదు, చెవి మెలిపెట్టకూడదు, అరచేయి చాచి మెడ క్రింద నిమురవలెను. పెద్ద పాఠమేమియు అక్కరలేదు, తల్లి చేయి పాప చేతిమీద నుంచినచో చాలును. ఆరేడేండ్లవానికి మిద్దెమీద పక్షులకు నీళ్ళ మూకుడు అప్పగింపుడు. మూకుడు లోతు తక్కువగా నుండవలెను. నడుమ ఒక రాయి వేసినచో పిచ్చుక నిలుచుటకును, తేనెటీగ మునుగకుండ త్రాగుటకును వీలగును. మూకుడు నీడలో పెట్టవలెను. రోజు విడిచి రోజు నీరు పారబోసి కొబ్బరిపీచుతో తోమవలెను. ఏలయన నిలువ నీటిలో దోమ గ్రుడ్డు వారము పది దినములలో దోమయై యెగురును. పక్షికి నీరుపోసి ప్రక్కింటివారికి డెంగీ జ్వరము తెచ్చినచో అది దయ యనిపించుకొనదు.

ఈ మూకుడు పని చూచుటకు చిన్నది. కాని దీనికి ఆదివారము సెలవు లేదు. మీరు కుటుంబముతో మూడు దినములు తిరుపతి పోవుదురు. అప్పుడు మూకుడు సంగతి ఎవరిది? "అమ్మా, మనము లేనపుడు నీళ్ళెవరు పోయుదురు?" అని పిల్లవాడు తానై అడిగి, ప్రక్కింటి కన్నడ పిల్లవానిని పిలిచి, చెంబు అప్పగించి వచ్చిననాడు మీకు నిశ్చింత. వానికి బాధ్యత తెలిసినది. పిచ్చుకలు వచ్చినవా రాలేదా అనునది తరువాతి మాట.

పది పన్నెండేండ్లు వచ్చిన పిల్లలు కుక్కపిల్లను కోరుదురు. పుట్టినరోజు కానుకగా తెచ్చుట ఈనాటి వేడుక. తెచ్చునపుడు తండ్రులు ఒక లెక్క వేసికొనవలెను. కుక్క పది పన్నెండేండ్లు, ఒక్కొక్కటి అంతకు మించియు బ్రతుకును. నేడు అయిదవ తరగతిలోనున్న పిల్లవాడు చదువు ముగించి బెంగుళూరులో ఉద్యోగమునకు పోవునాటికిని అది మీ వాకిటనే యుండును. ఇది పన్నెండేండ్ల వాయిదాగల పత్రము, ఆలోచించి సంతకము చేయుడు. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదని 2017 నాటి కుక్కల పెంపక నిబంధనలు చెప్పుచున్నవి. తల్లి వద్దనుండి మరీ ముందు విడదీసిన పిల్ల పిరికిదిగనో కరచునదిగనో తయారగును. మంచుదేశములో బండ్లు లాగుటకు పుట్టిన దట్టపు బొచ్చుకుక్కను నలుబది డిగ్రీల బళ్ళారికి తెచ్చి గదిలో బంధించుట నాకు అర్థము కాని వేడుక. మన కర్ణాటకలోనే ముధోళ జాతి యున్నది, తమిళనాట రాజపాళయము జాతి యున్నది. అంతకంటె వీధిలో పుట్టిన పిల్లనొకదానిని తెచ్చి టీకా వేయించి పెంచినచో ఎవరి గౌరవమునకును లోపము రాదు.

కుక్క మాట వచ్చినది గనుక ఒక సంగతి విపులముగా చెప్పక తప్పదు. ఇది ప్రాణములతో కూడిన సంగతి. మా పేటలో ఎనిమిదేండ్ల పిల్లవాడొకడు పిల్లలు పెట్టిన వీధికుక్కను రాతితో కొట్టినాడు. అది తరుముకొని వచ్చి పిక్క పట్టినది. ఇంటిలో చెప్పినచో తండ్రి కొట్టునని వాడు మూడు దినములు దాచినాడు. తలంటు పోయునపుడు తల్లి చూచినది. ఆసుపత్రికి తీసికొనిపోయి సూదులు వేయించినారు. వాడు నేడు క్షేమముగా నున్నాడు. తల్లి చూడనిచో ఏమగునో చెప్పనక్కరలేదు. పిచ్చికుక్క కాటు వలన కలుగు రేబిస్ జబ్బు లక్షణములు ఒక్కసారి పైకి వచ్చిన తరువాత దానికి నమ్మదగిన మందు ఈనాటికిని లేదు. రాకముందు అయినచో టీకా రక్షించును.

కాబట్టి పిల్లలకు మొట్టమొదట చెప్పవలసినది, "కుక్క కరచినను, గోరుతో గీచినను వెంటనే వచ్చి చెప్పుము, నిన్ను కొట్టము" అని. ఆ మాట తండ్రి నోట రావలెను, తండ్రి దానిని నిలుపుకొనవలెను. తరువాత గాయమును సబ్బుతో, ధారగా పోయు నీటితో పదునైదు నిముషములు కడుగవలెను. గడియారము చూచి కడుగుడు. మనకు రెండు నిముషములే పదునైదుగా తోచును. సున్నము, కారము, కాఫీపొడి, ఆకుపసరు పెట్టరాదు. పిమ్మట ఆసుపత్రి. కండకు వేయు పద్ధతిలో మొదటి దినమును సున్నగా లెక్కించి 0, 3, 7, 14, 28 దినములకు టీకా వేయుదురు. గాయము లోతుగానున్నచో గాయములోనే వేరొక మందు కూడ వేయుదురు. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులని మన పెద్దలు భయపెట్టుచుందురు. ఆ పాత మందు తయారీ మన దేశములో 2004 డిసెంబరుతో నిలిచిపోయినది. ఇప్పుడు భుజమునకే వేయుదురు. 1885లో పాశ్చర్ మహాశయుడు జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల పిల్లవానికి ఈ టీకా మొదట వేసినాడు. 1907లోనే మన దక్షిణదేశమున కూనూరులో ఆయన పేర సంస్థ వెలసినది. అంత దగ్గరనున్న విద్యను భయముచే పోగొట్టుకొనుట యేల?

కరచిన తరువాతి మాట అట్లుండగా, కరువకుండుటకు నేర్పవలసినది వేరు. తినుచున్న కుక్కను, నిద్రించుచున్న కుక్కను, పిల్లలతోనున్న కుక్కను తాకరాదు. చెవులు వెనుకకు వాల్చి, తోక కాళ్ళ నడుమ ముడిచి, పండ్లు చూపుచున్నచో అది "నన్ను విడువుము" అని చెప్పుచున్నదన్న మాట. మూగజీవి యందుము గాని అది ఒళ్ళంత నోరుగా మాట్లాడును, వినుట మనకు రాదు. మీదికి వచ్చినచో పరుగెత్తరాదు. చేతులు దగ్గరకు చేర్చుకొని, దాని కన్నులలోనికి చూడక, చెట్టువలె నిలువవలెను. పరుగెత్తినదానిని తరుముట కుక్క స్వభావము. దీపావళికి కుక్క తోకకు టపాకాయలు కట్టుట నేను కండ్లార చూచిన విషయము. చూచి నవ్విన పెద్దలును నాకు తెలియును. ఆ కుక్క మరునాడు ఎవరి పిల్లను కరచునో మీరే ఊహింపుడు. 2023 నాటి నిబంధనలు వీధికుక్కలకు తిండి పెట్టు చోటు పిల్లలు ఆడు తావునకు దూరముగా నుండవలెననియు, పిల్లలు, వృద్ధులు తిరుగు వేళలు తప్పింపవలెననియు చెప్పుచున్నవి. దయగల తల్లులు దీనిని గమనింపవలెను. బడి గేటు ముందు బిస్కట్లు వేయుట దయయే, కాని తప్పు చోట చేసిన దయ.

నన్ను పిల్లలు అడుగు ఒక ప్రశ్న కలదు. "మామా, మీరు దయ యనుచున్నారు, మరి మీ గోదాములో ఎలుకలను చంపరా?" నిజమైన ప్రశ్న. ధాన్యపు వర్తకుడు ఎలుకను పోషింపజాలడు, అది తిన్నదానికంటె పాడుచేసినది ఎక్కువ. ఐనను ఆ పనికి ఒక తీరున్నది. అర అంగుళపు సందు దొరికిన ఎలుక దూరును; ఆ సందులను సిమెంటుతో, ఇనుప వలతో పూడ్చినచో సగము బాధ తీరును. బస్తాలను గోడకానించక చెక్కలపై పేర్చి, రాలిన గింజలు ప్రతిరాత్రి ఊడ్చినచో మరికొంత తీరును. జిగురు అట్టలు మాత్రము మా కొట్టులోనికి రానీయను. ఎలుక ఆ జిగురులో కాళ్ళంటుకొని తెల్లవార్లు కొట్టుకొనుచు చచ్చును, కొట్టులో పనిచేయు కుర్రవాడు దానిని చూచుచు తేనీరు త్రాగును. చంపక తప్పనిచో బాధ లేకుండ చంపవలెను. బాధను వినోదము చేయరాదు. ఈ తేడా పిల్లలకు చెప్పిన అర్థమగును, మనకంటె బాగుగా అర్థమగును. ఎలుకలను తిను జెర్రిపోతునకు విషము లేదు, గుడ్లగూబకు అపశకునము లేదు. రెండును మా వర్తకులకు జీతమడుగని కావలివాండ్రు. వీనిని రాళ్ళతో కొట్టు పిల్లలకు ఈ లెక్క చెప్పుడు.

పంజరములో రామచిలుక నుంచుకొన్న ఇండ్లు మనలో నేటికిని కలవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము. చట్టము తెలిసినవెంటనే తలుపు తీసి వదలుటయు సరికాదు. రెక్కలు కత్తిరించిన చిలుక కాకుల పాలగును. అటవీశాఖవారికి తెలిపి అప్పగించుట మంచిది. గాలిపటముల నైలాను దారము సంగతియు అంతే. పక్షుల రెక్కలను, మనుష్యుల కంఠములను కూడ కోయుచున్నందున 2017లో జాతీయ హరిత న్యాయస్థానము దానిని దేశమంతట నిషేధించినది. నూలుదారము చాలును.

చట్టము మాట క్లుప్తముగా చెప్పి విడిచెదను. మధురలో పుట్టిన శ్రీమతి రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభ సభ్యురాలుగా జంతుహింసా నివారణకు బిల్లు తెచ్చి, ప్రభుత్వమే సమగ్రమైన చట్టము చేయునని హామీ వచ్చిన మీదట దానిని ఉపసంహరించుకొనిరి. ఆ చట్టము 1960లో వచ్చినది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు. ఆ చట్టము క్రింద మొదటి నేరమునకు జరిమానా పది రూపాయలకు తగ్గక, యాబదికి మించక యుండును. నేటికిని అంతే. యాబది రూపాయలతో ఈ కాలమున నలుగురికి కాఫీ యిప్పింపజాలము! 1965 నాటి నిబంధనలలో బండి యెద్దును దినమునకు తొమ్మిది గంటలకు మించి, విరామము లేక అయిదు గంటలకు మించి పనిచేయింపరాదనియు, ఉష్ణము 37 డిగ్రీలు మించిన చోట పగలు పండ్రెండు మొదలు మూడు గంటలవరకు కట్టరాదనియు కలదు. ముల్లుకర్రకును అనుమతి లేదు. మన మార్కెటు యార్డుకు నేడు ట్రాక్టర్లే ఎక్కువ వచ్చుచున్నవి. ఐనను వచ్చు పది బండ్లకైనను నీడ, తొట్టి కావలెనని మేము వర్తకులము అడుగవచ్చును గదా. 1976లో రాజ్యాంగమునకు చేర్చిన ప్రాథమిక కర్తవ్యములలో జీవులయందు కరుణ యొకటి. అది బడి పుస్తకములలో ముద్రింపబడియే యున్నది, పిల్లలు మార్కులకొరకు కంఠస్థము చేయుచునే యున్నారు.

ఇప్పుడు మన సంఘమునకు సంబంధించిన మాట. కార్యవర్గములో ఒకరిద్దరు, "మనది భాషాసంఘము, కుక్కలు, దూడలు మనకెందుకు? ఆ డబ్బు తెలుగు తరగతులకు పెట్టరాదా?" అని ఆక్షేపించినట్లు విన్నాను. ఆక్షేపణ న్యాయమైనదే, సమాధానము చెప్పవలెను.

మొన్న ఉగాదికి వచ్చిన పిల్లలను పదిమందిని చేరబిలిచి, ఆవునకు పుట్టినదానిని ఏమందురని అడిగితిని. ఇద్దరు "దూడ" అన్నారు. తక్కినవారు "ఆవుపిల్ల" అన్నారు. పెయ్య యేదో, కోడె యేదో, పడ్డ యేదో ఒక్కరికిని తెలియదు. చూడి ఆవు అన్న, చూచుచున్న ఆవా అని అడిగినాడు ఒక చురుకైనవాడు! నవ్వవలసిన మాటయే గాని, నవ్వు తరువాత గుండె కలుక్కుమన్నది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, మన బళ్ళారి తాలూకా మైసూరునకును పోయినవి. సరిహద్దు మారినను మన పసుల కొట్టములలోని తెలుగు మారలేదు. గాటి, పలుపు, కుడితి, చిట్టు, తవుడు, తెలకపిండి, నెమరు, పొదుగు, ఈనుట, చేపుట, ఈ మాటలన్నియు చేతిపనితో వచ్చి చేతిపనితో నిలిచినవి. కొట్టము పోయిన మాట పోవుచున్నది. పలకమీద వ్రాయించి వీనిని నిలుపుట కష్టము. దూడ మూతి దగ్గర కుడితి కుండ పట్టుకొన్న పిల్లకు ఆ మాట జీవితాంతము మరపునకు రాదు.

జున్ను మాటయే చూడుడు. జున్ను రుచి యెరుగని తెలుగు పిల్ల యుండదు. కాని మొదటి పాలు దూడకు ఎందుకు కావలెనో ఎవరును చెప్పరు. దూడ గర్భములోనుండగా తల్లి రోగనిరోధక శక్తి దానికి అందదు. పుట్టిన కొలది గంటలలో త్రాగిన ముర్రుపాలతోనే అది రావలెను. ఒక దినము గడచిన ఆ శక్తిని దూడ పేగులు గ్రహింపజాలవు. దూడ కడుపు నిండిన తరువాత మిగిలినదే మన జున్ను. పాలవానితో "జున్నుపాలు తెమ్ము" అనుటకు ముందు "దూడ త్రాగినదా?" అని అడుగు పిల్లకు తెలుగును వచ్చినట్లే, దయయు వచ్చినట్లే.

మరియు ఇది ఇరుగుపొరుగువారితో మనలను కలుపు విషయము. మన ఏరువాక పున్నమియే కన్నడిగుల కారహుణ్ణిమె. ఒకే దినము, అవే ఎడ్లు, అవే రంగుల కొమ్ములు. దాని వెనుకవచ్చు మణ్ణెత్తిన అమావాస్యకు ఇక్కడి పిల్లలు మట్టి యెడ్లు చేసి పూజింతురు. తమిళనాటనున్న మన బంధువులకు కనుమయు మాట్టు పొంగలును ఒక్కనాడే. శ్రావణ అమావాస్యకు ఆదిలాబాదు వైపునను, మహారాష్ట్రమునను పోళా పండుగ. మరునాడు నాగపూరు ప్రాంతమున తాన్హా పోళా యని పిల్లలు కొయ్య యెడ్లను అలంకరించి ఊరేగింతురు. ఒడిషాలో శ్రావణ పూర్ణిమనాడు గమ్హా పూర్ణిమ. ఇన్నిచోట్ల ఇన్ని భాషలవారు ఎద్దునకు మ్రొక్కుచున్నపుడు, ఆ ఎద్దునకు మన పిల్లవాడు తెలుగులో నీళ్ళు పోసి, ప్రక్కింటి పిల్లవాడు కన్నడములో గడ్డి వేసినచో, సంఘముల పేరున జరుగు సమైక్యతా సభలకంటె అది మేలు. (సభలు వలదని నేననుట లేదు. నేడు నేనే ఒక సభలో మాట్లాడుచున్నాను.)

కాబట్టి నా మనవి మూడు మాటలలో. వచ్చు ఉగాదికి పద్యపఠనమునకు ఇచ్చు బహుమతులతోపాటు, ఏడాది పొడవున ఒక జీవి బాధ్యత వహించిన బాలునకో బాలికకో ఒక బహుమతి యుండవలెను. పిల్లలు అందుకొరకు ఒక నోటుపుస్తకములో తెలుగున రోజుకు రెండు పంక్తులు వ్రాయవలెను. ఏమి పెట్టితిరి, ఏమి చూచితిరి, అంతే. దిద్దుటకు మన తెలుగు పండితులు ఒప్పుకొనినారు. ఈ బహుమతి మొత్తము మా కొట్టునుండి ఇచ్చెదను గనుక తరగతుల నిధికి ఒక్క రూపాయియు తగ్గదు. రెండవది, సంవత్సరమునకొకసారి పశువైద్యులను పిలిపించి కుక్కకాటు విషయమై తల్లులకు చెప్పించుట. తేదీని కార్యదర్శిగారు ప్రకటింపవలెను. మూడవది, జాతరలో రంగు కోడిపిల్లలను కొనమని ఇక్కడ కూర్చున్న తండ్రులలో ఎందరు చేతులెత్తుదురో చూడవలెనని యున్నది. ఎత్తకున్నను నేను ఏమియు అనుకొనను, పిల్లలు చూచుచున్నారు గనుక వారే లెక్క పెట్టుకొందురు.

నీళ్ళ మూకుళ్ళు నలుబది, ఆవులకు రాతి తొట్లు ఆరు మా అంగడి ముందర దించి యున్నవి. తొట్టి తీసికొన్నవారు ప్రతి ఉదయము దానిని నింపుటకు ఒప్పుకొనవలెను, వారము వారము సున్నము వేసి కడుగవలెను. మూకుళ్ళు పిల్లల చేతికే యిచ్చెదము, పెద్దలకీయము. ఆదివారము ఎనిమిది గంటలకు వచ్చినచో నేను అక్కడనే యుందును.